ముక్క ముందా, మనిషి ముందా

నాలుగు వారాల కిందట ఈ వ్యవహారంలోకి దిగినప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: తాళ్లూ టార్పాలిన్లూ పెట్టుకోవడానికి కొన్న ఒక పాత గోడౌన్, దానితోపాటు కొసరుగా అంటగట్టిన ఒక ఆడకుక్క, ముప్పై అంగల దూరం, ఒక తోడల్లుడు. గోడౌన్ కప్పు కారుతుంది. కుక్క కరుస్తానంటుంది. తోడల్లుడు మాట్లాడతాడు. మూడింటిలో మొదటిదానికే మరమ్మతు ఉంది.

ముప్పై అంగలంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు మాటలు. మూటో బేలో భుజాన వేసుకున్న మనిషి గేటులోంచి వస్తే, ముప్పై అంగల అవతల ఉన్నంతసేపూ ఈ కుక్క కుక్కలా ఉంటుంది. ఇరవై తొమ్మిదో అంగలో పిచ్చెత్తుతుంది. తాడు తెగేలా ఎగురుతుంది, గొంతు పూడుకుపోయేదాకా మొరుగుతుంది. గదిలో పెట్టి తలుపేస్తే తలుపు గీరి గోరు ఊడగొట్టుకుంది. పాత యజమాని దీనికి పేరు కూడా పెట్టలేదు. ఎలా వచ్చిందో అదే పేరుగా మా ఆవిడ 'కొసరు' అని పిలిచింది. పేరు పెట్టిన తర్వాత వస్తువును వెనక్కి పంపడం కష్టమని నాకు తెలుసు. అందుకే నా దుకాణంలో దేనికీ పేరు పెట్టను.

గేటు నుంచి షట్టరుకు వెళ్లే దారి కుక్క రేకుల పాకకు తొమ్మిది అంగల దూరంలో పోతుంది. వేరే దారి లేదు. హమాలీల మేస్త్రీ తేల్చి చెప్పాడు: శనివారం పెద్ద లోడు లారీ వస్తుంది, ఆ రోజు తన మనుషులు బేళ్లు దించుతున్నంతసేపూ కుక్క నోరు మూసుకుని ఉండాలి. లేకపోతే ఇక తనవాళ్లు లోపల కాలు పెట్టరు, తనే మున్సిపాలిటీకి ఫోన్ చేస్తాడు. ఇప్పటికే అది ఒక హమాలీ ప్యాంటు చింపింది కాబట్టి ఫిర్యాదుకు సాక్ష్యం కూడా ఉంది. ఇలాంటి ఫిర్యాదు మీద వ్యాన్‌లో వెళ్లిన కుక్క పది రోజులు బోనులో ఉంటుంది. పదకొండో రోజు ప్రాణం తీసే సూది.

ఇక తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇప్పుడు కుక్కల శిక్షకుడు. అంతకుముందు వాటర్ ఫిల్టర్లు అమ్మేవాడు, దానికి ముందు వ్యక్తిత్వ వికాసం బోధించేవాడు. రెండు వారాలు ఫోన్‌లో పాఠాలు విని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పదకొండు జేబుల చొక్కా తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని తిరుగుతాడు. ఆ ఈల ఊదగా ఏ కుక్కా తిరిగి చూడటం నేను చూడలేదు. హమాలీలు మాత్రం చూస్తారు. వాళ్లే అతనికి 'ఈల' అని పేరు పెట్టారు.

అతగాడి పద్ధతి వినడానికి బాగానే ఉంటుంది. "అన్నయ్యా, మనిషి రాబోతున్నాడనగానే ముక్క పెట్టెయ్యండి. నోరు నిండితే మొరగదు. సింపుల్."

సింపుల్ అన్న మాట ఎవరైనా వాడితే నేను పర్సు మీద చెయ్యి వేసుకుంటాను. ఈసారి వేసుకోలేదు, చుట్టం కదా అని. పొద్దునా సాయంత్రం నేనే కూర్చున్నాను. లారీ చప్పుడు వినగానే నడుముకు కట్టుకున్న సంచి జిప్పు తెరవడం, ఉడికించిన కార్జం ముక్క పెట్టడం, ఆ తర్వాత హమాలీ రావడం. మొదటి వారం తిన్నది, మొరగలేదు. రెండో వారం తిని మొరిగింది. మూడో వారం ముక్కను కింద పడేసి మొరిగింది. నాలుగో వారం ముక్కే ముట్టలేదు.

"కార్జం మార్చి చూడండి అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు.

మార్చాను. చూడండి నా తెలివి.

గురువారం మధ్యాహ్నం లారీలు లేవు. ఆవరణలో ఈగ కూడా లేదు. కొసరు ఎండలో వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాలిలో పెట్టి, పొట్ట ఆరబెట్టుకుంటోంది. పాత ముక్కలు పారేసి కొత్తవి వేద్దామని సంచి జిప్పు లాగాను.

కుక్క లేచి నిలబడింది. వీపు మీద వెంట్రుకలు బ్రష్షులా లేచాయి. నా వైపు చూడలేదు, సంచి వైపూ చూడలేదు. గేటు వైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. అయినా చూస్తూనే ఉంది, చూస్తూ వణుకుతోంది.

జిప్పు మూశాను. పావుగంట ఆగాను. అది మళ్లీ పడుకుంది. మళ్లీ లాగాను. మళ్లీ లేచింది, మళ్లీ గేటు.

ప్రతిసారీ టీ ఇచ్చి, ఆ తర్వాత 'మీ సరుకు రాలేదండీ' అని చెప్పే దుకాణం ఉందనుకోండి. నెల తిరిగేసరికి టీ గ్లాసు చూడగానే కొనేవాడి మొహం మాడుతుంది. ఈ నాలుగు వారాలూ నేను చేసింది అదే. ముక్క ముందు, మనిషి తర్వాత. మనిషి వస్తే మంచిది దొరుకుతుందని నేర్పాల్సిన చోట, మంచిది దొరికిందంటే శత్రువు వస్తున్నాడని నేర్పాను. కార్జం రుచిని కూడా దానికి విషం చేశాను. ఒక్క కుక్కను, రోజుకు రెండు పూటలా, క్రమం తప్పకుండా, సొంత చేత్తో పాడు చేశాను.

మా ఆవిడ కొత్త ముక్కల గిన్నె పట్టుకుని మెట్ల మీద కూర్చుని అంతా చూస్తోంది.

"ఇప్పటికి తెలిసిందా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"రెండు వారాల నుంచి చెప్తున్నాను. ఆ సంచి చూస్తే దానికి గుండె దడ అని. మీ చెవికి ఈల తప్ప ఇంకేదీ వినపడదు కదా."

జవాబు చెప్పేలోపు గేటు బయట ఈల వినపడింది.

తోడల్లుడు ఒక్కడే రాలేదు. వెనకాల మేస్త్రీ, ఇద్దరు హమాలీలు, ముగ్గురి భుజాల మీదా టార్పాలిన్ బేళ్లు.

"శనివారం దాకా ఎందుకన్నయ్యా? మేస్త్రీగారికి ఇవాళే చూపించేద్దామని తీసుకొచ్చాను," అన్నాడు తోడల్లుడు, ఫోన్ తీసి గోడ మీద నిలబెడుతూ. వీడియో తీస్తాడట.

నేను అడ్డుపడేలోపే తాడు అందుకున్నాడు. కుక్క మెడ పట్టీని పైకి, చెవుల కిందికి జరిపి, తాడును మూరెడు పొట్టిగా పట్టుకుని పైకి లాగాడు. "రండి, దగ్గరికి రండి, భయపడకండి," అని హమాలీలను పిలిచాడు. వాళ్లు ఆరు అంగల దాకా వచ్చారు. కుక్క ఎగిరింది, మొరిగింది. ఊపిరి అందక మొరుగుడు దగ్గుగా మారింది, దగ్గు గురగుర అయింది. తోడల్లుడు ఇంకో జానెడు బిగించాడు. నిమిషం గడిచింది. కుక్క ఆగిపోయింది. తల దించుకుని, తోక పొట్టకు అంటించుకుని, ఒక ముందుకాలు ఎత్తి పట్టుకుని నిలబడింది. నోటి నుంచి చొంగ తీగలా కారుతోంది.

"చూశారా!" అన్నాడు తోడల్లుడు ఫోన్ వైపు తిరిగి. "శాంతం. రెండే నిమిషాల్లో. దీన్ని లొంగుబాటు అంటారు."

హమాలీలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టమంటే ఎవరైనా కొడతారు, ఖర్చు లేని పని.

"తమ్ముడూ, తాడు ఇలా ఇయ్యి," అన్నాను.

"ఒక్క నిమిషం అన్నయ్యా, క్లోజప్..."

"తాడు ఇయ్యమన్నాను. ముప్పై ఏళ్లుగా తాళ్లు అమ్ముతున్నాను. బిగించిన తాడు చివర ఉన్నది శాంతంగా ఉందో, చిక్కుకుని ఉందో నాకు ఫోన్ పాఠాలు అక్కర్లేదు."

"మీకు సబ్జెక్ట్ తెలియదు అన్నయ్యా. మొరగడం ఆగిందా లేదా?"

"నీ ఫిల్టర్లలో నీళ్లు రావడం కూడా ఆగేది. అప్పుడూ బాగుపడ్డాయనే చెప్పేవాడివి."

మేస్త్రీ పకపకా నవ్వాడు. తోడల్లుడి మొహం ఎర్రబడింది. నేను మా ఆవిడ చేతిలోని గిన్నెలోంచి కార్జం ముక్క తీసి కుక్క ముక్కు కింద పెట్టాను. వాసన కూడా చూడలేదు.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదు మరిది గారూ," అంది మా ఆవిడ మెల్లగా. మా ఆవిడ మెల్లగా మాట్లాడిందంటే ఎదుటివాడు చెప్పులు వెతుక్కోవడం మంచిది. "ఆకలితో ఉన్నది కార్జం వద్దంటోంది. దీనికి మీ సర్టిఫికెట్‌లో ఏం రాశారు?"

తోడల్లుడు తాడు నా చేతిలో పడేశాడు. "సరే. మీరే చూసుకోండి. శనివారం వ్యాన్ వచ్చినప్పుడు నాకు ఫోన్ చెయ్యొద్దు." జిప్పు సంచి విప్పి అతని చేతిలో పెట్టాను, అది కూడా తీసుకుపొమ్మని. ఫోన్ తీసుకుని, ఈల ఊగించుకుంటూ వెళ్లిపోయాడు. అంత నిండుగా జేబులుండి అంత ఖాళీగా వెళ్లిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మేస్త్రీ కూడా కదలబోయాడు. "అయిపోయింది కదా షావుకారు గారూ. చూశాను. శనివారం వ్యాన్ పిలుస్తా."

"అరగంట ఉండు మేస్త్రీ. టీ తాగి పో."

"టీ అరగంట తాగుతారా?"

"మా ఇంట్లో తాగుతారు."

కొసరును పాక అవతలికి, ముప్పై అంగల దూరానికి తీసుకుపోయాను. తాడును మెడ పట్టీ నుంచి ఛాతీ పట్టీకి మార్చి, నేల మీద సున్నా చుట్టేంత వదులు ఇచ్చాను. ముక్కలు చొక్కా జేబులో పోసుకున్నాను. మా ఆవిడ మొహం చూసి, ఆ చొక్కా ఇక నాదేనని, ఉతుక్కోవలసింది కూడా నేనేనని అర్థమైంది. పది నిమిషాలు ఏమీ చెయ్యలేదు. కుక్క ఒళ్లు దులుపుకుంది. నేల వాసన చూసింది. ఆవలించింది.

అప్పుడు హమాలీలతో చెప్పాను: బేళ్లు వద్దు, మాటిమాటికీ మొయ్యాలి, తాళ్ల చుట్టలు తీసుకోండి. ఒక్కొక్కరే గేటు చాటు నుంచి రండి, మూడు లెక్కపెట్టేదాకా నిలబడండి, మళ్లీ చాటుకు పొండి.

"ఇదేం ఆట షావుకారు గారూ? పెళ్లిచూపులా?" అన్నాడొకడు.

"కుక్క ఒప్పుకుంటే నీకు ఇంతకన్నా మంచి సంబంధం దొరకదు. నడు."

మొదటివాడు కనిపించాడు. కుక్క బిగుసుకుంది. మనిషి కనిపించాకే, అంతకు ముందు కాదు, జేబులోంచి ముక్క తీసి దాని ముందు వేశాను. ముట్టలేదు. మనిషి పోయాడు, ముక్కలు ఆగాయి. రెండోసారీ ముట్టలేదు. మూడోసారి మనిషి వెళ్లిపోయాక నాకింది. నాలుగోసారి మనిషి ఉండగానే తిన్నది. ఏడోసారి తాళ్ల చుట్టతో మనిషి వచ్చాడు. కొసరు వాణ్ణి చూసింది. తర్వాత మెడ తిప్పి నన్ను చూసింది.

అంతే. 'వాడొచ్చాడు, నాదేది?' అని. అప్పులవాడి చూపులా నిక్కచ్చిగా ఉంది. నాలుగు వారాల్లో అది నన్ను ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు.

రెండంగలు ముందుకు జరిగాం. తర్వాత మూడు. మళ్లీ మూడు. ఇరవై రెండు అంగల దగ్గర కూడా మనిషిని చూసి, నన్ను చూసి, ముక్క తిని, తోక ఒక్కసారి ఊపింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే నేనే వాళ్ల చేతులు విరిచేవాణ్ణి.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. "తాళ్లు మొయ్యడం చంటిపిల్లల పని. నేను వస్తా చూడండి." ఇందాకటి టార్పాలిన్ బేలుకు హమాలీల ఇనప కొక్కెం గుచ్చి, భుజానికెత్తుకుని గేటులో నిలబడ్డాడు.

కుక్క పేలింది. వదులు తాడంతా ఒక్క దూకుడులో అయిపోయింది. నా చెయ్యి గుంజుకుపోయింది. మళ్లీ ముప్పై అంగల దూరానికి లాక్కొచ్చినా ఆగలేదు.

"మేస్త్రీ అంటే దానికి ప్రత్యేక అభిమానం," అని హమాలీలు నవ్వారు. ఈ నవ్వు పాతదని మేస్త్రీ మొహమే చెప్పింది.

నేను నవ్వలేదు. నాకు నా మీదే అసహ్యం వేసింది. తాళ్ల చుట్టలకు కొక్కెం వెయ్యనివ్వను నేను. పోగు తెగుతుంది, సరుకు పాడవుతుంది. ముప్పై ఏళ్ల నియమం. కొక్కేలు వాడేది టార్పాలిన్ బేళ్లకే. తాళ్ల లోడు దిగిన రోజుల్లో ఈ కుక్క తక్కువ మొరుగుతుందని నాకు తెలుసు. తాళ్ల చుట్ట చిన్నది, బేలు పెద్దది, అందుకని అనుకున్నాను. సరుకు సైజు తప్ప ఏమీ చూడని కళ్లు.

"మేస్త్రీ, బేలు దించు."

దించాడు. కుక్క మొరుగుతూనే ఉంది.

"కొక్కెం గేటు అవతల పారెయ్యి."

"అది నా పనిముట్టు షావుకారు గారూ."

"తినెయ్యను. పారెయ్యి."

ఇనుము గేటు బయట ఖంగుమంది. కుక్క గొంతు ఆగిపోయింది. కానీ నా వైపు చూడలేదు. నేలకు అంటుకుపోయి, మేస్త్రీనే చూస్తోంది. దాని కింద మట్టి తడిసింది.

"మీరు అవతలికి పొండి," అని మేస్త్రీ తన మనుషులతో అన్నాడు. వాళ్లు పోయేదాకా ఆగాడు. తర్వాత బేలు మీద కూర్చున్నాడు.

"పోయినేడాది. పాత యజమాని ఉన్నప్పుడు," అన్నాడు. "బేళ్ల వెనక ఈనింది. సరుకు జరపాలి. ఇది జరగనివ్వదు. యజమాని ఏమో తొందర, తొందర అంటున్నాడు. కొక్కెం వెనక్కి తిప్పి ఒక్కటేశాను. ఒక్కటే."

"పిల్లలు?"

"గోతంలో వేసుకుని, భుజాన పెట్టుకుని తీసుకుపోయాను. ఇది గేటు దాకా వచ్చింది, వెనకాలే."

మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

అంటే నాలుగు వారాలుగా 'నా మనుషుల భద్రత, నా మనుషుల భద్రత' అంటూ నీతులు చెప్పింది ఇతడు. కొట్టిందీ ఇతడే. రోజూ అందరి ముందూ కుక్క తనను గుర్తుపడుతోంది కాబట్టి సూది వేయించాలి. దొంగకు దీపం ఆర్పెయ్యాలని ఉండటంలో వింత లేదు. దానికి మున్సిపాలిటీ ఫోన్ నంబరు వెతకడంలోనే నీచం ఉంది. ఇలాంటివాణ్ణి ఇంతకాలం ఈ గేటులో నిక్కచ్చి మనిషి అని గౌరవించాను.

"ఎన్ని బతికాయి?" అని అడిగాను. మామూలుగా మనిషి ఇలాంటప్పుడు ఒక్కటీ లేదంటాడు. ఆ మాట విని బయటికి గెంటుదామని సిద్ధంగా ఉన్నాను.

మేస్త్రీ చేతులు చూసుకున్నాడు.

"ఒకటి. ఆడది. మా ఇంట్లో ఉంది."

"నీ ఇంట్లోనా?"

"గోతంలోంచి తల బయటపెట్టి నా వేలు చీకింది. ఏం చెయ్యమంటారు? మా ఆవిడ పాలు పట్టింది. ఇప్పుడు నా మంచం మీదే పడుకుంటుంది. పొద్దున్నే నేను కొక్కెం తీశానంటే పనికి వెళ్తున్నానని తెలిసి, గేటు దాకా తోక ఊపుకుంటూ వస్తుంది." కళ్లెత్తకుండా అన్నాడు. "దానికి కొక్కెమంటే భయం లేదు షావుకారు గారూ. అసలు దేనికీ భయం లేదు."

కొసరు తడి మట్టిలోంచి లేచింది. అతణ్ణి చూసింది. ఆ తర్వాత, చాలా ఆలస్యంగా, మెడ తిప్పి నన్ను చూసింది. జేబులో మిగిలిన చివరి ముక్క దానికి వేశాను.

"రేపు పొద్దున నీ కుక్కను ఇక్కడికి తీసుకురా," అన్నాను. "కొక్కెం కూడా."

"తల్లి గుర్తుపడుతుందంటారా?"

"నిన్ను గుర్తుపట్టింది కదా."

అతడు లేచాడు. గేటు అవతల కొక్కెం ఏరుకుని, అది కుక్కకు కనబడకుండా చొక్కా కింద పెట్టుకుని వెళ్లాడు. ఏడాది ఆలస్యంగా వచ్చిన మర్యాద.

గురువారం సాయంత్రానికి నాకు మిగిలింది ఇది: ముప్పైలో ఎనిమిది అంగలు తగ్గాయి. కుక్క నావైపు చూసిన చూపులు, నేను లెక్కపెట్టినంతవరకు, పద్నాలుగు. శనివారానికి ఇంకా పదమూడు అంగలు తగ్గి తొమ్మిదికి రావాలి, చేతిలో ఉన్నది ఒక్క పగలు. కొక్కెం చూసి తోక ఊపడం కొసరుకు చూపించి ఆ పదమూడూ తెచ్చిపెట్టగల కుక్క ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. అది పడుకునే మంచం నేను మొహం కూడా చూడదలుచుకోని మనిషిది.